ఫోను కలిస్తే చాయ్‌కి పోయే సత్తార్

ఎల్లారెడ్డి బస్టాండు ఎదుట ఫొటోలు ప్రింటు తీసే సత్తార్‌కు ఒక్కటే జబ్బు. ఎవరి ఫోనైనా తన కంప్యూటర్‌కు కలిసిందంటే చాలు, ఆయనకు చాయ్ గుర్తొస్తుంది. "కావల్సింది మీరే ఏరి పక్కన పెట్టుండ్రి, ఇప్పుడే వస్త" అని మాయమవుతాడు. ఆయన ఒంట్లో పారేది నెత్తురు కాదు, చాయ్ అని కామారెడ్డి దాకా చెప్పుకుంటారు. చాటింపు వేసింది భూమక్క.

ఆ భూమక్కకే ఆయనతో పని పడింది. పక్కింటి రామవ్వ పాడిబర్రె తప్పిపోయింది. గాంధారి పోయే ఆటోలకు అంటించడానికి ఫొటో కావాలి. అది భూమక్క ఫోనులో ఉంది.

"నా బర్రె ఫొటో నీ తాన ఎట్లున్నదే భూమా?"

"నడువ్ ముందు, పొద్దుపోతది!"

సత్తార్ వైరు పెట్టాడు. కలవలేదు. వైరు మార్చాడు. ఊహూ. "ఈ కంప్యూటర్ లినక్స్‌ది అక్కా, జర మొండిది" అంటూ నల్ల తెర మీద టకటకా ఏదో కొట్టాడు. ఫోను పేరైతే వచ్చింది, లోపల ఖాళీ.

"దానికి గూడ చాయ్ తాపినవా ఏంది?" భూమక్క గయ్యిమంది.

గయ్యిమనక ఏం చేస్తుంది? వైరు పెట్టినప్పుడల్లా "ఫొటోలు చూడనివ్వాలా?" అని ఫోను అడుగుతోంది. కొంగు చాటున ఆమె "వద్దు" నొక్కుతోంది. అందులో బర్రె ఒక్కటేనా? గోడ మీదుగా తీసిన రామవ్వ దండెం మీది చీరలు, రామవ్వ చుట్టాలు, రామవ్వ తొక్కు జాడీ... అన్నీ ఉన్నాయి.

"జల్ది సూడు సత్తార్ భాయ్. ఎవడన్న సంతల అమ్ముకుంటే నా బతుకేంగాను!" అంది రామవ్వ. భూమక్క తల కిందికి దిగింది. వేలు మాత్రం మళ్ళీ "వద్దు" మీదికే పోయింది.

సత్తార్ చూపు ఆమె కొంగు చాటు ఫోను దాకా పోయి, చప్పున వెనక్కొచ్చింది. "నా మిషినే ఖరాబైంది. పా రామవ్వా, చాయ్ తాగొద్దాం."

"కలువక ముందే చాయా!"

"ఇయ్యాల ముందే యాదికొచ్చింది. భూమక్కా, ఫోను ఏమన్న అడిగితే సరే అను."

వాళ్ళు వెళ్ళాక భూమక్క వైరు తీసి మళ్ళీ పెట్టి, "సరే" నొక్కింది. ఫొటోలన్నీ బిలబిలా వచ్చి పడ్డాయి. బర్రెను ఏరి పక్కన పెట్టింది. అంతటితో ఊరుకుంటే భూమక్క ఎందుకవుతుంది? బల్ల కింది ఫ్లాస్కు మూత తీసి చూసింది. నిండా చాయ్, పొగలు కక్కుతోంది.

చాయ్ ఇక్కడే పెట్టుకుని, ఫోను కలిసినప్పుడల్లా ఈయన బయటికి పోయేది దేనికి? ఒకరింటి గుట్టు తన కంట పడకుండా! సంగతి తెలిసేసరికి ఆమె చెవులు కాలిపోయాయి. మూత మెల్లగా పెట్టేసింది.

మర్నాటికి బర్రె దొరికింది. రామవ్వ చెంబెడు పాలు తెచ్చి సత్తార్ బల్ల మీద పెట్టి, పక్కనే ఉన్న భూమక్క వైపు తిరిగింది.

"అవునే, నా బర్రె ఫొటో నీ తాన ఎట్లున్నదే?"

భూమక్క దిక్కులు చూసింది. "సత్తార్ భాయ్, నీకింక చాయ్ యాదికొస్తలేదా?"