కిరాయి చేను

ఒక అబద్ధాన్ని కొన్నేళ్లుగా మోస్తున్నాను. పైకి చూస్తే చిన్నది. వీడియో గేమ్ గురించి ఇంత బాధ ఏమిటని ఎవరైనా నవ్వినా నవ్వుతారు. ఆ నవ్వుకు భయపడి కొంత, నవ్వకుండా వింటారేమోనని ఇంకా భయపడి కొంత, ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనవసరం లేదు. అలా అయితేనే చెప్పగలను. ఈ నెల దాటితే అదీ చేతకాదు. ఎందుకో చివర చెబుతాను.

మాది గద్వాల. మగ్గం ఉన్న ఇల్లు. ఇక్కడి చీర ఒక్కరు కూర్చుని నేసేది కాదు. నడుమంతా నూలు, అంచులు పట్టు. రెండూ కలిసే చోట పోగును పోగులో మెలివేసి పట్టాలి. దాన్ని కుట్టు అంటాం. నేసేవాడి పక్కన ఇంకో మనిషి కూర్చుని అంచు పోగును అటూ ఇటూ మోసే నాడెను అందుకుని, తిరిగి వదిలితేనే కుట్టు పడుతుంది. మా ఇంట్లో ఆ ఇంకో మనిషి మా అక్క. నేను పెళ్లి చేసుకోలేదు. అక్కకు పెళ్లయింది, సోమశిల దగ్గర ఒక ఊరికిచ్చారు. బావ తొందరగానే పోయాడు. పుట్టింటికి తిరిగి వచ్చి నా పక్కన కూర్చుంది. అప్పటి నుంచి మా ఇద్దరి భుజాలు పనివేళంతా తగులుతూనే ఉండేవి. మాట్లాడుకున్నది తక్కువ. ఆమె చెయ్యి ఎప్పుడు కదులుతుందో నా చేతికి తెలిసేది.

అక్క అత్తగారికి ఒకప్పుడు నది ఒడ్డున చేను ఉండేదట. ఈమె కాపురానికి పోయేనాటికే అది డ్యాం నీళ్లలో మునిగిపోయింది. పడవలో పోయినప్పుడల్లా అత్త నీళ్లలోకి వేలు చూపించి "గదే మన చేను" అనేదని అక్క చెప్పేది. నవ్వుతూ చెప్పేది. తను చూసింది మాత్రం నీళ్లే.

తర్వాత అక్కకు జబ్బు చేసింది. వెన్నులో గడ్డ అన్నారు. ముందు కాళ్లు పోయాయి. మగ్గం గుంతలోకి కాళ్లు వేలాడేసి కూర్చోవడం ఆమెకు సాధ్యం కాలేదు. చేతులు మాత్రం బాగానే ఉన్నాయి. ఈ మాట గుర్తుంచుకోండి. నేను కూడా దీన్నే గుర్తుపెట్టుకున్నాను, తప్పుగా.

మా చిన్నాన్న కొడుకొకడు వనపర్తిలో ఫోన్ల దుకాణం పెట్టుకున్నాడు. తన పాత గేమ్ పెట్టెను తెచ్చి మా టీవీకి కలిపిపోయాడు. అక్కకు పొద్దుపోతుందని. నెలకింత కడితే చాలు, వందల ఆటలుంటాయి, ఏది కావాలంటే అది దింపుకుని ఆడొచ్చు, నచ్చకపోతే తీసేసి ఇంకోటి. మొదట్లో అలవాటు పడింది నేనే. నాకు పుస్తకాల అలవాటుంది. పట్టిన పుస్తకం ముగించకుండా పక్కన పెట్టను. ఆటల దగ్గర మాత్రం ఒక్కటీ ముగించలేదు. దింపడం, కాసేపు తిరగడం, తీసేయడం. ఇంట్లో నేను వదిలి వెళ్లగలిగింది ఏదీ లేదు. అక్కను పక్కకు తిప్పాలి, తుడవాలి, తినిపించాలి. ఆ పెట్టెలో దేన్నైనా వదిలేయవచ్చు. ఎవరూ ఏమీ అనరు. అందుకే నచ్చిందా? అందుకే అనుకుంటాను.

అక్క ఒకటే ఎంచుకుంది. బొమ్మలు జరుపుతూ పోతుంటే "ఆగాగు, మేకుంది" అంది. నది ఒడ్డున చిన్న చేను. విత్తనాలు వేయాలి, నీళ్లు పెట్టాలి, కట్టెలు కొట్టాలి. ఏ దేశపు పంటలో అవి. అన్నింటికీ తన పేర్లు పెట్టుకుంది. మేకకు ఎప్పుడూ ఏదో ఒకటి నములుతుండే మా వనపర్తి మేనత్త పేరు పెట్టింది. "అత్తా, జర ఇటు జరుగు, గది నీకు గాదు" అని టీవీతో మాట్లాడేది. ఒడ్డున ఒక విరిగిన పడవ ఉండేది. తగినన్ని కట్టెలు కూడబెడితే బాగవుతుంది. అప్పుడు నది దాటొచ్చు. అవతల ఏముందో ఆటలో ముందుగా చూపించరు. ఆమెకు అదే పట్టుకుంది. మంచం మీద దిండ్లకు ఆనుకుని, పూటకు కొన్ని కట్టెలు. "పడవ అయినంక నిన్ను గూడ ఎక్కిచ్చుకుంట, పో" అనేది నాతో.

ఇంత సంతోషం ఆమె ముఖంలో మగ్గం దగ్గర ఎన్నడూ చూడలేదు.

ఇక్కడే ఆగిపోతూ వచ్చాను ఇన్నాళ్లూ. మనసులో చెప్పుకునేటప్పుడు కూడా ఈ ముక్క దాటేసి, పెట్టెలో చోటు చాలక జరిగింది అనే దగ్గరికి వెళ్లిపోయేవాణ్ని. చోటు చాలకపోవడం నిజమే. కానీ అసలు సంగతి వేరు. అక్క స్థానంలో కూలికి ఒక మనిషిని పెట్టుకున్నాను. అతని చెయ్యికీ నా చెయ్యికీ కుదరలేదు. కుట్టు ఎగుడుదిగుడుగా పడేది. ఒక మధ్యాహ్నం మేం నేసిన చీరను, మా దగ్గర కొనే సేఠ్ వేలితో అంచు తడిమి పక్కన పడేశాడు. ఇంటికొచ్చాను. అక్క మందు వేసుకుని నిద్రపోతోంది. ఒళ్లో ఆ బొత్తాల కంట్రోలర్ అలాగే ఉంది, రెండు చేతులూ దాని మీద. నాడె అందుకోలేని చేతులు దీన్ని మాత్రం పట్టుకుంటాయి అనుకున్నాను. అన్యాయమని తెలిసే అనుకున్నాను. పోయినవి కాళ్లని నాకు తెలియదా? ఎత్తి కూర్చోబెట్టేది నేనే కదా?

మెల్లగా ఆమె చేతుల కిందినుంచి కంట్రోలర్ తీసుకున్నాను. ఒక కొత్త ఆట వచ్చింది, దాన్ని దింపబోయాను. చోటు చాలదు, ఏదైనా తీసేయండి అంది పెట్టె. వరుసగా పేర్లు చూపించింది. అందులో నేను రుచి చూసి వదిలేసినవి బోలెడున్నాయి. వాటిలో ఏ ఒక్కటి తీసినా సరిపోయేది. నేను అక్క ఆట మీదికి వెళ్లాను. నిజంగా తీసేయాలా అని మళ్లీ అడిగింది. అవునని నొక్కాను.

కోపం అప్పుడే దిగిపోయింది. ఎంత తొందరగా దిగిపోయిందో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. అంత చిన్న కోపానికా?

అప్పుడు భయం పట్టుకుంది. ఆటను మళ్లీ దింపొచ్చు, ఆ సంగతి తెలుసు. కానీ ఆమె చేను, మేక, కట్టెలు పోయాయనుకున్నాను. దీనికి కారణం మా పని. చీరలు అయిపోయాక పడుగును, అంటే మగ్గం మీద నిలువుగా సాగే పోగులను, మొత్తం కోసి తీసేయం. కొసలు మగ్గం మీదే ఉంచి, కొత్త పడుగును వాటికి పోగుపోగుగా అతుకుతాం. తెలియనివాడెవడైనా కొసలతో సహా లాగేస్తే అతకడానికి ఏమీ మిగలదు. మళ్లీ మొదటి నుంచే. నాకు చిన్నప్పటి నుంచి తెలిసిన పద్ధతి అదొక్కటే. పోలిక కోసం చెప్పడం లేదు. పెట్టె ముందు కూర్చుని నిజంగానే అలా ఆలోచించాను. కొసలు కూడా కోసేశాను, ఇక చేసేదేమీ లేదని. వనపర్తికి ఒక్క ఫోన్ చేసి అడిగినా సరిపోయేది. అడగలేదు.

అక్కకు మెలకువ వచ్చింది. టీవీ పెట్టమంది. వెతికింది. ముందుకూ వెనక్కూ జరిపింది.

"నా చేను ఏడవోయిందిరా?"

"తీసేసిన్రక్కా."

"ఎవలు?"

"కంపెనోల్లు. నెలనెలా కొన్ని ఏస్తరు, కొన్ని తీస్తరు. గట్లనే ఉంటది."

"ఒక్క మాట చెప్పకుండనే?"

"మనది గాదు గదక్కా. కిరాయిది."

కంట్రోలర్ ఒళ్లో పెట్టుకుంది. తర్వాత, "నిన్న మేకకు నీళ్లు వెట్టలే" అంది.

"గది ఆటక్కా."

"ఆటని నాకు ఎర్క లేదా?" అంది. వరుసలో మిగిలిన బొమ్మలు చూసి, "నీ ఆటలు గూడ తీసిన్రా?"

"లే."

"మంచిగైంది తీ. నీకన్న ఉన్నయి."

అంతే. ఏడవలేదు. కోప్పడనూ లేదు. కోప్పడితే నిజం చెప్పేసేవాణ్నేమో. లేదు, చెప్పేవాణ్ని కాదు. మీ దగ్గర మంచివాడిలా కనబడాలని ఇప్పుడు కూడా చూస్తున్నాను.

అబద్ధం అలా కుదరడానికి కారణం, అందులో సగం నిజం ఉండటం. ఈ కంపెనీలు ఆటలు తీసేస్తూనే ఉంటాయి. ఎవరిని అడిగినా అవునంటారు. అక్క నమ్మింది. నమ్మి ఊరుకోలేదు, దాన్ని నవ్వులాట చేసుకుంది. చూడ్డానికి వచ్చినవాళ్లందరికీ చెప్పేది: "మా అత్త చేను డ్యాంల వోయె, నా చేను కంపెనీల వోయె. మా ఇంటికి చేన్లు అచ్చిరావు." వాళ్లు నవ్వేవాళ్లు. నేను అందరికీ నీళ్లిచ్చేవాణ్ని. ఆ మాట ఎన్నిసార్లు విన్నానో. ప్రతిసారీ నేను చెప్పిన అబద్ధం ఆమె నోట ఇంకొంచెం గట్టిపడేది.

వేరే ఆటలు పెట్టి చూశాను. ఆమె నాకోసం కాసేపు ఆడేది. "ఇది మంచిగనే ఉంది" అని కంట్రోలర్ నా చేతికి ఇచ్చేసేది. తర్వాత గోడవైపు తిప్పమనేది.

ఇంతవరకే అయితే తెలియక చేశానని చెప్పుకోవచ్చు. ఇంకా ఉంది.

చివరి రోజుల్లో, ఆ పెట్టె తెచ్చిచ్చిన వనపర్తి తమ్ముడు చూడ్డానికి వచ్చాడు. అక్క అతనికీ అదే చెప్పింది, మాట సన్నబడిపోయినా నవ్వుతూనే.

"ఏ ఆటక్కా అది? దాన్ని తీయలేదే, నేను మొన్ననే చూస్తి. మళ్ల దింపుకుంటే నువ్వు ఆడింది ఆడిన కాడ్నే..."

"టీ తాగుదువు పా" అన్నాను. భుజం పట్టుకుని లేపాను. చనిపోబోయే మనిషిని చూడలేక అలా చేస్తున్నాననుకున్నాడు పాపం. నా వెంట వచ్చాడు. హోటల్ దగ్గర ఇంకేదో మాట్లాడాను. వాడు మరిచిపోయాడు.

నేను మరిచిపోలేదు. ఆడింది ఆడిన కాడ్నే. ఆ మాట విన్న క్షణం నుంచీ నాకు తెలుసు. తిరిగి ఇంటికొచ్చి దింపితే చాలు. మేక ఉండేది. కట్టెలు ఉండేవి. పడవకు ఇంకెన్ని కావాలో చూసి, నేను పక్కన కూర్చుని కొట్టిపెడితే ఆమె నది దాటేది. చేతులు అప్పటికీ ఆడుతూనే ఉన్నాయి. కానీ దింపితే అడుగుతుంది. కంపెనోల్లు తీసేసిందాన్ని ఎట్ల తెచ్చినవ్‌రా అని. నిజం చెప్పలేకపోతే మళ్లీ పెట్టారక్కా అని ఇంకో అబద్ధమైనా చెప్పి ఉండొచ్చు. ఎంత తేలికైన అబద్ధం! నమ్మేది. ఎందుకు చెప్పలేదు? ఇన్నేళ్లుగా నన్ను నేనే అడుగుతున్నాను. భయమా? సిగ్గా? ఆమె ముఖంలో ఆ సంతోషం మళ్లీ చూడటానికి ఇంకా ఒప్పుకోలేకపోయానా? ఇదే అయితే నేను మనిషినేనా?

రేపు, ఎల్లుండి అనుకుంటూ ఉన్నాను. అక్క పోయింది.

దినాలన్నీ అయ్యాక, ఇల్లు ఖాళీ అయ్యాక, ఒక పగటిపూట ఆట దింపాను. కొనసాగించాలా అని అడిగింది. చేను అలాగే ఉంది. పంట ఎండిపోలేదు, ఎవరూ లేనప్పుడు అక్కడ రోజు గడవదట. మేక కంచె దగ్గర నిలబడి ఉంది. నీళ్ల తొట్టి ఖాళీగా ఉంది. ఆమె చెప్పింది నిజమే, ఆ రోజు పెట్టలేదు. పెట్టాను. పడవ దగ్గరికి పోయి చూశాను. ఇంకాసిని కట్టెలు చాలు. ఒక పూట పని. నేను ముట్టుకోలేదు. ఇప్పటికీ ముట్టుకోలేదు.

అప్పటి నుంచి వేరే ఆటేదీ దింపలేదు. నెలనెలా కడుతున్నాను. మగ్గం మీదినుంచి లేచాక టీవీ పెట్టి, మేకకు నీళ్లు పెట్టి, ఆపేస్తాను. ఆపేటప్పుడు పడవ వైపు చూడను.

ఈ నెల మొదట్లో ఆ ఆట బొమ్మ మీద ఒక చిన్న గుర్తు కనిపించింది. నెలాఖరుకు దీన్ని తీసేస్తున్నామని. విడిగా కొనుక్కోవచ్చని కింద రాసి ఉంది. కొనగలను. కొంటే నాదవుతుంది. మనది కాదు, కిరాయిది అని ఆమెతో అన్నవాణ్ని, ఆమె లేనప్పుడు దాన్ని నాది చేసుకోవాలా? నిన్నటి వరకు తేల్చుకోలేకపోయాను. ఇవాళ నీళ్లు పెడుతుంటే నాలో ఇంకో ఆలోచన ఉందని పసిగట్టాను. అందుకే ఈ కాగితాలు ముందు పెట్టుకున్నాను. ఆ గుర్తు చూడగానే, భయంతో పాటు, నాకు కొంచెం ఊరట కలిగింది. నెలాఖరు దాటితే కంపెనీవాళ్లు తీసేసినట్టే. నేను అక్కతో అన్న ప్రతి ముక్కా నిజమైపోతుంది. కాస్త ముందుగా చెప్పానంతే అని నాకు నేను సర్దిచెప్పుకోగలను. చెప్పుకుంటాను కూడా. నన్ను నేను ఎరుగుదును.

ఇంకా నెల పూర్తికాలేదు. ఇంకా అది అబద్ధమే. అబద్ధంగా ఉండగానే చెబుతున్నాను.

ఎవలు అని అడిగావు కదక్కా. నేనే తీసేసిన.