సంతకం ముందు, పేరు తర్వాత

1954. కర్నూలు రాజధాని అయిన మరుసటి ఏడాది. కడప జిల్లాలో ఒక తాలూకా కచేరీలో నేను బెంచి క్లర్కును. ఊరి పేరు చెప్పను, ఆ మనుషుల పిల్లలు ఇంకా అక్కడే ఉన్నారు. బెంచి క్లర్కంటే మేజిస్ట్రేటు పక్కన కూర్చుని కేసు కాగితాలు అందించేవాడు, సమన్లూ వారంట్లూ రాసిపెట్టేవాడు. అప్పట్లో మా తాలూకాలో తహశీల్దారే మేజిస్ట్రేటు కూడా. పొద్దున భూముల తగాదాలు, మధ్యాహ్నం దొంగతనం కేసులు. మనిషి ఒక్కడే, కుర్చీలు రెండు.

ఆయన పంటల ఆజమాయిషీకి బయల్దేరితే పది రోజులు పల్లెల్లోనే. ఈలోపల పోలీసులకు సెర్చి వారంటు కావాల్సి వచ్చేది. ఫలానా వాళ్ల ఇంట్లోకి పోయి ఫలానా వస్తువు వెతకమని మేజిస్ట్రేటు ఇచ్చే ఆజ్ఞే సెర్చి వారంటు. ఎందుకు అడుగుతున్నారో విని, నమ్మకం కుదిరితేనే ఆయన సంతకం పెట్టాలి. మా కచేరీలో దీనికొక సుళువు కనిపెట్టారు. అయ్యగారు జీపెక్కే ముందు నాలుగైదు ఖాళీ ఫారాల మీద సంతకం చేసి నా సొరుగులో పెట్టి పోయేవారు. అవసరం పడినప్పుడు నేను పేరూ తేదీ నింపి ఇచ్చేవాణ్ణి. నాకు ముందున్న గుమాస్తా కూడా అదే చేశాడు. తప్పనిపించలేదు. నిజం చెప్పాలంటే కాస్త గొప్పగానే అనిపించేది.

ఆ కార్తీకంలో ఒక పెద్ద రైతు ఇంట్లో వెండి కంచం, వెండి చెంబు పోయాయి. రెండు రోజుల ముందు ఆ ఇంటి ఇత్తడి గిన్నెలకు కళాయి పూసి పోయినవాడు హుసేన్ సాబు. మా ఇంటికీ అతనే వచ్చేవాడు. స్టేషన్ నుంచి హెడ్ కానిస్టేబులు వచ్చి నా బల్ల ముందు నిలబడ్డాడు.

"ఏమప్పా, కళాయి హుసేన్ గాని ఇల్లు చూడల్ల. ఒక కాగితం రాసియ్యి."

"ఏం ఆధారం దొరికింది?"

"ఆధారమేందప్పా, ఆ ఇంటికి పోయినోళ్లు ఇంగెవురుండారు? బిన్నా రాయి, బస్సుకు పోవల్ల నేను."

అడగడమైతే అడిగాను. ఆ జవాబు చాలదని తెలిసీ రాసిచ్చాను. ఐదు నిమిషాల పని.

మరునాడు తెల్లవారగానే నలుగురు పోలీసులు పోయారు. హుసేన్ తల్లి, భార్య ఘోషా పాటించేవాళ్లు, పరాయి మగవాళ్ల కంటపడరు. అలాంటి ఆడవాళ్లున్న గదిలోకి పోయే ముందు వాళ్లకు చెప్పి, పక్కకు తప్పుకునే వీలివ్వాలని క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోనే ఉంది. పోలీసులు కేసులు నడపాల్సిన పద్ధతి చెప్పే చట్టం అది. హుసేన్‌కు ఆ కోడూ తెలీదు, సెక్షనూ తెలీదు. "ఆడోళ్లను పక్కింటికి పంపిస్తా, రవ్వంతసేపు ఆగండి సామీ" అని గుమ్మానికి రెండు చేతులూ అడ్డం పెట్టాడు. అతన్ని పక్కకు నెట్టి లోపలికి పోయారు.

కంచమూ లేదు, చెంబూ లేదు. వట్టి చేతులతో పోవడానికి నామోషీ అనిపించిందో ఏమో, అతని భార్య కాళ్లకున్న వెండి కడియాలు తీయించారు. కొలిమి తిత్తి, పట్టకార్లు మూటగట్టారు. నేను రాసిన కాగితంలో ఇవేవీ లేవు. అది చాలక, సర్కారు ఉద్యోగిని పని చేయనీకుండా అడ్డుకున్నాడని హుసేన్ మీద కేసు పెట్టారు. రుజువైతే జైలే. ఆ ఇంట్లో సంపాదించేవాడు అతనొక్కడే.

వారంటు ఇచ్చింది మా అయ్యగారే కాబట్టి కేసు కడపలో వేరే మేజిస్ట్రేటు ముందుకు పోయింది. హుసేన్ తరఫున ఒక కొత్త ప్లీడరు నిలబడ్డాడు. రాజ్యాంగం పుస్తకం చంకలో పెట్టుకుని తిరిగేవాడు, వెనకాల మేమంతా నవ్వుకునేవాళ్లం. వారంటు ఫైలు పట్టుకుని సాక్ష్యానికి రమ్మని అతను నాకు సమన్లు పంపించాడు.

ఆ సాయంత్రం అయ్యగారు నన్ను ఇంటికి పిలిపించి కాఫీ ఇప్పించారు. నా సర్వీసులో అదే మొదటిసారి.

"ఆ రోజు నేను క్యాంపు నుంచి వచ్చి, సంతకం చేసి మళ్లీ పోయినానని చెప్పు. నా డైరీలో కూడా ఆ మాట రాసిపెడతా. నీకూ మంచిది, నాకూ మంచిది."

సరేనన్నాను. భయపడ్డాను, దాచుకోవడమెందుకు? ఆ ఉద్యోగం పోతే నాకు ఇంకో విద్య రాదు.

కడప కోర్టు వరండాలో హుసేన్ ఎదురయ్యాడు. తిట్టి ఉంటే బాగుండేది. సలాం చేశాడు.

"ఆ రాత నీదేనంట గదా సామీ?"

"అవును."

"మీ ఇంటికి ఎన్నితూర్లు వచ్చింటా నేను! నా పేరు రాసేటప్పుడు పిలిపించి ఒక్కమాట అడిగింటే ఏం పోయేది?"

ఫైలు చంకలో పెట్టుకుని కోర్టు హాల్లోకి నడిచాను.

లోపల ప్లీడరు ముందుగా రాజ్యాంగం ఇరవై ఒకటో అధికరణం ఎత్తుకున్నాడు. చట్టం చెప్పిన పద్ధతిలో తప్ప మనిషి స్వేచ్ఛను లాక్కోరాదని దాని సారాంశం. మేజిస్ట్రేటు కళ్లద్దాల పైనుంచి చూశారు.

"ఇల్లు సోదా చేసే మాట అందులో ఎక్కడుందయ్యా?"

"సోదా మాట లేదు సార్, పద్ధతి మాట ఉంది. ఆ పద్ధతి ప్రొసీజర్ కోడ్‌లో ఉంది. అది జరిగిందో లేదో ఈ సాక్షిని అడుగుతాను" అని ప్లీడరు నా వైపు తిరిగాడు. "వారంటులో పేరు రాసిందెవరు?"

"నేనే."

"మేజిస్ట్రేటుగారు సంతకం ఎప్పుడు చేశారు?"

నేర్చుకొచ్చిన జవాబు నోటిదాకా వచ్చింది. ఎదురుగా బోనులో హుసేన్ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. అతని ముఖం చూస్తూ ఆ అబద్ధం చెప్పలేకపోయాను.

"వారం ముందే. నేను పేరు రాసేటప్పటికే సంతకం ఉండాది" అన్నాను. గాభరాలో ఇంటి భాష వచ్చేసింది.

"అనుమానానికి కారణం ఆయన విన్నారా?"

"లేదు. నేను విన్నాను. అది చాలదని నాకు అప్పుడే తెలుసు."

ఎవరి మీద ఎందుకో వినకుండా సంతకం పెట్టిన కాగితం వారంటు కాదని, అలాంటి కాగితం పట్టుకొచ్చినవాళ్లను ఆగమనడం నేరం కాదని తీర్పు వచ్చింది. హుసేన్‌ను వదిలేశారు. అయ్యగారికి బదిలీ అయింది, నాకు ఇంక్రిమెంటు ఆగింది. ఏడాదిపాటు కచేరీలో నా పక్కన కూర్చుని టిఫిను తిన్నవాడు లేడు. పోయిన కంచం సంగతి చివరిదాకా తేలనే లేదు.

కడియాలూ పనిముట్లూ ఇచ్చి రసీదు తెమ్మన్న ఉత్తర్వు వస్తే, నేనే పోతానని అడిగి తీసుకున్నాను. నేను వెళ్లేసరికి హుసేన్ ఇంటి ముందు ఎద్దుల బండికి సామాను ఎత్తుతున్నాడు.

"యాడికి?"

"ప్రొద్దుటూరు పోతాండాం. కోర్టులో కొట్టేసినారు గానీ సామీ, ఈ ఊర్లో గిన్నె చేతికిచ్చేటోళ్లు లేరు. పోలీసోళ్లు ఎతికిన ఇల్లంట మాది."

కడియాలు అందుకోవడానికి పరదా పక్కనుంచి అతని భార్య చెయ్యి ఒక్కటే బయటికి వచ్చింది. తర్వాత గొంతు వినిపించింది.

"మా ఇంటాయన ఆగమన్నది తప్పు కాదని జడ్జి రాసినాడంట, నిజమేనా సామీ?"

"నిజమేనమ్మా."

"అట్లయితే పోలీసోళ్లు ఆ పొద్దే ఆగింటే సరిపోయేది గదా."

రసీదు మీద హుసేన్ వేలిముద్ర తీసుకుని వచ్చేశాను. ఆ తర్వాత ఇంకా ఇరవై ఏళ్లు కోర్టు కాగితాలే రాశాను. కారణం కాగితం మీద పెట్టి, మేజిస్ట్రేటు చదివేదాకా ఎవరికీ వారంటు రాసివ్వలేదు. చాదస్తమని ఎగతాళి చేసినవాళ్లు చాలామంది. ఆ తీర్పు హుసేన్‌ను జైలు నుంచి కాపాడింది, దాన్ని తక్కువ చేయను. కానీ అడగాల్సిన మాట పోలీసులు గడప తొక్కకముందే అడగాలి. తొక్కిన తర్వాత ఏ కోర్టూ ఆ ఇంటిని మునుపటిలా చేసి ఇవ్వలేదు.