ఐదు నిమిషాలు ఆగే మోటారు

ఆళ్లగడ్డ చుట్టుపక్కల బోరున్న ప్రతి రైతుకూ గురుస్వామి తెలుసు. కాలిన మోటారును ట్రాక్టరు మీద తెచ్చి అతని షెడ్డు ముందు దించని వాళ్లు అరుదు. తొంభైల్లో కరెంటు ఎప్పుడు వస్తుందో ఎప్పుడు పోతుందో ఎవరికీ అంతుబట్టేది కాదు. వచ్చీ రాగానే పొలాల్లో మోటార్లన్నీ ఒక్కసారిగా లేచేవి, వోల్టేజి పడిపోయేది, వైండింగులు మాడిపోయేవి. అందుకని అతను బిగించిన ప్రతి స్టార్టరులోనూ ఒక టైమరు పెట్టేవాడు. కరెంటు వచ్చాక ఐదు నిమిషాలు గడిస్తే గానీ మోటారు తిరగదు. జనం ఎగతాళిగా ఐదు నిమిషాల గురుస్వామి అని పేరు పెట్టారు. అతను దాన్ని బిరుదులాగే మోశాడు. అతని చేయి పడిన మోటారు మళ్లీ కాలిందన్న మాట నిజంగానే ఎవరి నోటా రాలేదు.

అతను చదివింది ఏడో తరగతి. కూతురు నాగవేణి నంద్యాలలో ఇంజనీరింగు చదువుతోంది. ఏం చదువుతోందని ఎవరైనా అడిగితే "కంప్యూటర్లు" అని ఊరుకునేవాడు, రెండో మాట తెలియక. అలాంటిది రెండు వేల ఆరు వేసవిలో ఆ పిల్ల షెడ్డుకొచ్చి, "నాయనా, నాకొక పంపు కావాల" అంది. గురుస్వామికి ఏనుగెక్కినంత సంబరమైంది. ఇరవై ఏళ్లకు కూతురు తనకు తెలిసిన వస్తువు అడిగింది.

అది చివరి ఏడాది ప్రాజెక్టు. కంప్యూటర్లో లెక్కలు చేసే చిప్పు కాగిపోతుంది. మన ఎండలకు ఫ్యాను గాలి దానికి చాలదు. చిప్పు మీద లోపల బోలుగా ఉన్న రాగి దిమ్మ కూర్చోబెట్టి, అందులోంచి నీళ్లు తిప్పి, ఆ వేడిని బయట చిన్న రేడియేటరులో వదిలి, నీళ్లను మళ్లీ తొట్టిలోకి తేవాలి. నీళ్లు కాగేకొద్దీ పంపు వేగం దానంతటదే పెరగాలి. చెన్నై కంపెనీ ఒకటి కాలేజీకొచ్చి ఆమెను ఎంచుకుంది. జూలైలో చేరాలి, ఒక్క పరీక్ష కూడా మిగిలి ఉండకూడదు. ప్రాజెక్టు పోతే మళ్లీ ఆరు నెలలకు గానీ పరీక్ష లేదు. ఆరు నెలలు ఆమె కోసం ఏ కంపెనీ కాచుక్కూర్చుంటుంది? తోటి పిల్లలు హైదరాబాదు నుంచి తయారైన ప్రాజెక్టులు కొనుక్కొచ్చుకున్నారు. నాగవేణి కొననంది. చేతిలో ఉన్నది మూడు వారాలు.

గురుస్వామి మొదట అర హార్సు పవరు మోటారు పట్టుకొచ్చాడు. బోర్ల మనిషికి నీళ్లంటే ఉరకడమే. స్విచ్చి వేయగానే పైపు ఊడి, నీళ్లు గోడెక్కి, పిల్ల పుస్తకాలన్నీ తడిసి ముద్దయ్యాయి. నాగవేణికి ఏడుపొచ్చింది. పొలం పారించడం కాదని, సన్నగా ఆగకుండా పారితే చాలని, ఎక్కువ బలమున్న పంపు తన వేడిని కూడా నీళ్లలోనే కలుపుతుందని విడమరిచి చెప్పింది. తర్వాత కూలరు పంపు పెట్టి చూశారు. అది పారించింది బాగానే ఉంది గానీ, ఫ్యాను రెగ్యులేటరుతో వేగం తగ్గించబోతే తగ్గకుండా గుర్రుమంది, కాసేపటికి మొండికేసి నిలబడిపోయింది. వారం అట్లా పోయింది. పిల్ల అన్నం ముందు కూర్చుని మెతుకులు లెక్కపెట్టేది. చివరకు స్నేహితురాలు మమత హైదరాబాదులో వెతికి పన్నెండు వోల్టుల బుడ్డ పంపు ఒకటి పంపింది. వోల్టేజి తగ్గిస్తే బుద్ధిగా నెమ్మదించింది, పెంచితే పరుగెత్తింది. సీసా పట్టి, గడియారం చూసి, నిమిషానికి ఎన్ని నీళ్లు వస్తున్నాయో నాగవేణి పేజీలు పేజీలు రాసుకుంది. అన్నిటికంటే ఆమెకు నచ్చింది దాని మౌనం. చెవి పెట్టినా తిరుగుతున్నట్టు వినపడదు.

తండ్రికి ఆమె వదిలిన పని ఒక్కటే. పంపుకు కరెంటు ఇచ్చే పెట్టె: ఒక స్విచ్చి, ఒక ఫ్యూజు. అంతే. పరీక్ష రోజు తెల్లవారి ఆమె తలంటుకుంటుండగా గురుస్వామి ఆ పెట్టె విప్పాడు. ఇంత నాజూకు పంపు, కాలేజీ కరెంటు ఎట్లాంటిదో, పిల్ల బతుకంతా దీని మీదే ఉందే అనుకున్నాడు. ప్రేమ ఎక్కువైతే చేయి ఊరుకోదు. లోపల ఒక టైమరు బిగించి మూత వేశాడు. చెబితే వద్దంటుందని చెప్పలేదు.

నంద్యాల బస్సులో తొట్టిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. కాలేజీలో సామాను మోసిచ్చి, వరండాలో కిటికీ పక్కన నిలబడ్డాడు. నాగవేణి ప్లగ్గు పెట్టి, పైపుల కీళ్లన్నీ గుడ్డతో ఒత్తి చూసుకునేసరికి ఐదు నిమిషాలు దాటనే దాటాయి. పంపు తిరుగుతూనే ఉంది. అప్పుడు కంప్యూటరు వేసింది. ఆమెకు అనుమానమే రాలేదు.

బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు కరకు మనిషి. ఆమె కంటే ముందున్న ఇద్దరినీ ఇది ఎవరి చేత చేయించారని నిలదీసి, వాళ్లు నీళ్లు నమిలితే, మార్కులు వేయకుండానే రికార్డులు పక్కన పడేసి పంపించాడు. నాగవేణిని మాత్రం పావుగంట విన్నాడు. అంతలో కరెంటు పోయింది. వెంటనే జనరేటరు అందుకుంది. కరెంటు రాగానే కంప్యూటరు తనంతట తానే లేచేలా ఆమే అమర్చుకుంది, అది లేచింది. పంపు లేవలేదు. దాని మౌనం మామూలే కాబట్టి ఎవరూ గమనించలేదు. ఆమె వెనక్కి తిరగకుండా చెప్పుకుంటూ పోయింది. తొట్టిలో పెట్టిన వేడి కొలిచే మీటరు నీళ్లు చల్లగానే ఉన్నాయని చూపిస్తోంది. నీళ్లు కదిలితే కదా వేడి తొట్టి దాకా వచ్చేది.

ఐదు నిమిషాల దాకా పంపు లేవదని కిటికీ అవతల గురుస్వామికి ఒక్కడికే తెలుసు. అరవాలా వద్దా? లోపల పరీక్ష. ఇంకో నిమిషం, ఇంకో నిమిషం అనుకుంటుండగానే కాలిన వాసన వచ్చింది. ముప్పై ఏళ్లుగా ఎరిగిన వాసన. కంప్యూటరు తెర నల్లబడింది.

నాగవేణి మాట మాత్రం తడబడలేదు. పైపు పట్టుకుని చూసి, నీళ్లు నిలిచిపోయాయని, మీటరు తొట్టిలో కాకుండా రాగి దిమ్మ మీద పెట్టి ఉండాల్సిందని, నీళ్లు పారుతున్నట్టు రుజువైతేనే కంప్యూటరు లేచేలా చేసి ఉండాల్సిందని చెప్పింది. పరీక్షకుడు ఆ రోజు మొదటిసారి తలూపాడు. మరి పంపు ఎందుకు ఆలస్యమైందని అడిగాడు. ఆమె పెట్టె మూత తీసింది. టైమరును చూసింది. కిటికీ వైపు ఒక్కసారి చూసింది.

"ఆ ఆలస్యం నేనే పెట్టాను సార్. పొరపాటు చేశాను" అంది.

ఆయన రికార్డు దగ్గరికి లాక్కుని కలం మూత తీశాడు. కూతురు తన తప్పు నెత్తిన వేసుకోవడం గురుస్వామి చూడలేకపోయాడు. తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు.

"సారూ, అది పాప చేసింది కాదు. నేను చేసినా. పాపకేం తెలీదు."

కలం ఆగింది. ఈ పెట్టె మీరే చేశారా అని ఆయన అడిగాడు. పంపు, పైపులు? నాగవేణి తల అడ్డంగా ఊపుతూనే ఉంది. గురుస్వామి చూశాడు గానీ, నిందంతా తన మీదికి తెచ్చుకోవాలన్న తాపత్రయంలో అర్థం చేసుకోలేదు. "అంతా నేనే బిగించినా సారూ" అన్నాడు. ఆయన కలం మూత పెట్టి, ఆ రికార్డును ముందు పడేసిన రెంటి మీద పెట్టాడు. సీసాలు పట్టి కొలిచింది నేనే సార్ అని నాగవేణి బతిమాలింది. ఆయన తర్వాతి పేరు పిలిచాడు.

కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. వరండాలో గురుస్వామి తొట్టిలో నీళ్లు పారబోసి, పైపులు చుట్టి సంచిలో పెట్టాడు. ఆ పిల్ల ఏడ్చినా తిట్టినా అతనికి కాస్త తేలికయ్యేది. ఆమె సంచి అందుకుని ముందు నడిచింది. గేటు దాటాక ఉండబట్టలేక అతనే అడిగాడు.

"నేను నిజమే చెప్తి గదా పాపా?"

"నువ్వు లోపలికి రాకుంటే పాసయ్యుంటి నాయనా" అంది నాగవేణి, ఆళ్లగడ్డ బస్సు వస్తోందేమోనని రోడ్డు వైపు చూస్తూ.