మేకుకు వేలాడిన కొబర్గ్

2021 ఏప్రిల్‌లో ఒక గల్ఫ్ దేశంలో, అల్ సువైక్ అనే ఊళ్లోని ప్రైవేట్ స్కూల్లో సోషల్ విభాగానికి హెడ్‌గా చేరాను. హెడ్ అంటే గొప్ప హోదా ఏమీ కాదు. తన క్లాసులు చెప్పుకుంటూనే, మిగతా టీచర్ల క్లాసుల్లో ఏం జరిగినా మాట పడాల్సిన మనిషి.

మరుసటి ఏడు, పదకొండో తరగతికి చరిత్ర చెప్పే సునీత, యూరప్‌లో రాజరికాలు పోయిన తీరుకు ఉదాహరణగా కొబర్గ్ కథ ఎత్తుకుంది. కొబర్గ్ జర్మనీలో ఒక చిన్న సంస్థానం. మొదటి ప్రపంచ యుద్ధం చివర అక్కడి డ్యూక్ గద్దె దిగాడు. ఏడాదికి పైగా ఆ బుల్లి సంస్థానం రాజు లేకుండా, ఏ రాష్ట్రంలో కలవాలో తేలక ఊగిసలాడింది. ఓటు పెడితే జనం పక్కనున్న తురింగియా వద్దన్నారు. చివరికి బవేరియాలో కలిసింది. ముచ్చటైన పాఠమే. కానీ సుల్తాన్ ఏలే దేశంలో ఒళ్లు దగ్గర పెట్టుకుని చెప్పాలి.

ఆ పాఠం జరుగుతున్న రోజే ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్ ముందుగా చెప్పకుండా వచ్చారు. ఎవరొచ్చినా ముందు ప్రిన్సిపాల్ గదిలో ఖర్జూరాలు, కహ్వా అనే అరబ్బీ కాఫీ ఇవ్వడం అక్కడి మర్యాద. ఆయన కహ్వా తాగేలోపు నేను క్లాసులు చుట్టేసి రావాలి. సునీత క్లాసు తలుపు తీయగానే నా పై ప్రాణాలు పైనే పోయాయి. ప్రతి గదిలోనూ ఉండే సుల్తాన్ ఫోటో గోడ మీద లేదు. దాని మేకుకు కొబర్గ్ మ్యాప్ వేలాడుతోంది. ఫోటో టీచర్ కుర్చీలో, మడత పెట్టిన చున్నీ మీద ఉంది.

"ఇంగో మేకు లేదు సార్. ఫోటో నేల మింద పెట్టేదానికి మనసు రాల. అందుకే కుర్చీలో పెట్టి నేను నిలబడి చెప్తాండా," అంది. ఆమెది కడప. వెనక బోర్డు మీద, డ్యూక్ పాలన ముగిసిందని పెద్ద అక్షరాలతో రాసి ఉంది.

నేను ఫోటో ఎత్తేలోపే ఇన్‌స్పెక్టర్ గుమ్మంలో నిలబడ్డారు. ఉద్యోగం పోతే ఆమె వీసా పోతుంది, మా స్కూల్లోనే చదివే ఆమె ఇద్దరు పిల్లల చదువు మధ్యలో ఆగిపోతుంది. ఆయన గోడనూ, బోర్డునూ, కుర్చీనీ వరసగా చూసి, ఇదేమిటని అడిగారు. పెద్దల ఫోటో మా ఇళ్లలో నేల మీద పెట్టరని సునీత ఇంగ్లిష్‌లో చెప్పింది. ఆయన ముందుకొచ్చారు. మ్యాప్ తీసి బల్ల మీద పెట్టి, ఫోటోను రెండు చేతులతో ఎత్తి మేకుకు తగిలించారు. తర్వాత వెనక బెంచీలో కూర్చుని పాఠం కొనసాగించమన్నారు. కొబర్గ్ బవేరియాలో కలిసేదాకా విని వెళ్లిపోయారు.

ఆయన మమ్మల్ని వదిలేశారో, పైవాళ్లకు రాసి పంపారో మాకు తెలియలేదు. సునీత వీసా పొడిగింపు వచ్చేదాకా ఆఫీసు నుంచి ఎవరు పిలిచినా ఇద్దరం ఆ ఫోటో సంగతే అనుకునేవాళ్లం.

పరాయి దేశంలో టీచర్ పాఠం కంటే ముందు గోడ చూసుకోవాలి. రిటైరయ్యేదాకా నేను కొబర్గ్ పాఠం ఆపించలేదు. ప్రతి గదిలో రెండో మేకు కొట్టించాను.