సూది వద్దన్న సాంబయ్య

కరోనా తగ్గి, దవాఖానాల్లో మామూలు రోజులు మొదలైన సంవత్సరం. హనుమకొండలోని ఒక ప్రైవేటు మానసిక వైద్యశాలలో నేను స్టాఫ్ నర్సుని. ఉద్రేకంలో ఉన్న రోగిని శాంతపరచడానికి లోక్సపైన్ అనే మందును ఇన్‌హేలర్ రూపంలో మా డాక్టరమ్మ కొత్తగా తెప్పించారు. ఒక్కసారి గట్టిగా పీలిస్తే నిమిషాల్లో పనిచేస్తుంది.

ఒక మధ్యాహ్నం సాంబయ్యను ఆటోలో తెచ్చారు. కొత్తవాడలో జంపఖానాలు నేసే మనిషి. భార్య లలిత, తమ్ముడు చెరో వైపు పట్టుకున్నారు. నీళ్లలో ఎవరో విషం కలుపుతున్నారని నాలుగైదు రోజులుగా నిద్ర లేదు, తిండి లేదు. నా చేతిలో సూదుల ట్రే చూడగానే వెనక్కి గుంజుకున్నాడు.

"సూది వద్దు సిస్టర్, నీ కాళ్లు మొక్కుత. పోయినసారి వేరే దవాఖానల నలుగురు మీద కూసున్నరు."

"పీల్చే మందు ఉన్నది, అదిస్తం లే" అన్నారు డాక్టరమ్మ. అతను వెంటనే చెయ్యి చాచాడు.

ఆ మందు కొందరిలో ఊపిరి గొట్టాలను బిగించేస్తుంది. దాన్ని బ్రాంకోస్పాజమ్ అంటారు. అందుకే ఆస్తమా, సీఓపీడీ లాంటి ఊపిరితిత్తుల జబ్బులు ఉన్నవాళ్లకు ఇవ్వనే కూడదు. మిగతావాళ్లకైనా ఆక్సిజన్, నెబ్యులైజర్ పక్కన పెట్టుకునే ఇవ్వాలి, తర్వాత గంటసేపు శ్వాస గమనించాలి.

"దమ్ము జబ్బు ఉన్నదా ఈయనకు?" అని లలితను అడిగాను.

"లేదు సిస్టర్."

"చలికాలంల ఊపిరాడక నోట్లె పంపు ఏమన్న కొట్టుకుంటడా?"

"ఆ, మగ్గం దూది పడదు. కూసొనే పంటడు. పంపు కొడితే జర నిమ్మలమైతది."

డాక్టరమ్మ వీపు మీద స్టెతస్కోప్ పెట్టి విన్నారు. ఊపిరిలో పిల్లికూతలు. తల అడ్డంగా ఊపారు.

సాంబయ్య చెయ్యి ఇంకా చాచే ఉంది. "ఇస్తమన్నరు గద?"

"నీకు పడదన్నా. ఊపిరి ఆగిపోతది" అన్నాను. ఆ స్థితిలో అతనికి వినిపించింది ఒక్కటే: మేము మాట తప్పామని. ట్రే విసిరికొట్టి తలుపు వైపు ఉరికాడు. తమ్ముడు, ఇద్దరు వార్డుబాయ్‌లు పట్టుకుంటే నేనే వేరే మందు ఇంజెక్షన్ చేశాను. అరవలేదు. చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. లలిత గోడవైపు తిరిగి నిలబడింది.

కొన్నాళ్లకు కోలుకున్నాడు. డిశ్చార్జి రోజు ఎందుకు అలా చేశామో మళ్లీ చెప్పాను. "నా పానం కోసమే చేసిండ్రు, సమజైంది. కని మళ్ల మాత్రం రాను సిస్టర్" అన్నాడు.

రాలేదు. గోలీలు మానేశాడట. వానాకాలంలో లలిత ఒక్కతే ఫోటో పట్టుకుని వచ్చింది. "కాజీపేట స్టేషన్ల రైలెక్కంగ చూసిండ్రట. ఇటేమన్న వచ్చిండా?" ఇప్పటికీ అతని జాడ లేదు.

ఆ మందు ఆ రోజు ఇచ్చి ఉంటే సాంబయ్య మా బల్ల మీదే పోయేవాడేమో. ఇవ్వకపోవడమే సరైనది, అందులో నాకు అనుమానం లేదు. కానీ ఊపిరితిత్తుల చప్పుడు వినకముందే ఆ మందు పేరెత్తి ఆశ పెట్టాం. ఇప్పుడు మా వార్డులో ఛాతీ పరీక్ష అయ్యేదాకా పీల్చే మందు ఉందన్న మాట రోగి చెవిన పడనివ్వం.