ఈరమ్మక్క జీపు కింద మూడు గంటలు

మా పాత ఫోర్ వీల్ జీపుకి ముందు చక్రాలు లాగడం మానేసి నెల దాటింది. వాన పడితే చాలు, ఖిల్లా ఘణపూర్ దగ్గర మా చేను బాటలో దిగబడిపోతోంది. ముందు చక్రాలను తిప్పే షాఫ్టు అరిగిపోయింది, కొత్తది ఎక్కడా దొరకడం లేదు. బిజినేపల్లిలో ఈరమ్మక్క అనే ఆమె ఇంటి ముందు అలాంటి జీపే ఊరికే పడి ఉందని తెలిసి ఈ ఆదివారం పొద్దున వెళ్లాను. ఆమె భర్త పోయి రెండేళ్లయిందట. అడగగానే "తీస్కపో తమ్మీ" అంది.

బోల్టులన్నీ తుప్పు పట్టి ఉన్నాయి. కిరోసిన్ పోస్తూ, సుత్తితో కొడుతూ మూడు గంటలు ఆ జీపు కింద వెల్లకిలా పడుకున్నాను. కళ్లనిండా మట్టి, మెడ పట్టేసింది. షాఫ్టుతో బయటికొచ్చేసరికి ఆమె చాయ్ పెట్టుకుని అరుగు మీద కూర్చుంది.

"శానా సేపు పరేషాన్ చేసినక్కా," అన్నాను.

"పరేషాన్ ఏంది తమ్మీ? మా ఆయన గూడ ఐతారమొస్తే గిట్లనే దాని కింద పండుకుంటుండె. ఆయన మొఖం కన్న కాళ్లే ఎక్కువ జూసిన. ఇయ్యాల సుత్తి సప్పుడు ఇంటుంటే ఇంట్ల మనిషి ఉన్నట్టే అనిపిచ్చింది. ఇంకేమన్న గావాల్నంటే మల్ల రా."

చాయ్ తాగేసి వచ్చాను.

సాయంత్రానికి షాఫ్టు బిగించాను. ముందు చక్రాలు తిరుగుతున్నాయి, నా నడుమే తిరగడం లేదు. అయినా వచ్చే ఆదివారం మళ్లీ బిజినేపల్లి పోవడానికి మా జీపులో ఇంకేం పాడైందా అని వెతుకుతున్నాను. పాత బండ్లున్నవాళ్లు చెప్పండి, దీని తర్వాత ఏది పోతుంది?