సంస్కరణ ఆదివారం నాడు సారమ్మవ్వ అడిగిన ప్రశ్న

1979 జూన్‌లో నన్ను తమిళనాడులోని తిరుత్తణి పాస్టరేట్‌కు పాదిరిగా వేశారు. పాస్టరేట్ అంటే ఒక ఊరు, ఒక చర్చి కాదు. ఒక పాదిరి కింద ఉండే పల్లె సంఘాల గుంపు. నాకు వచ్చినవి తిరుత్తణి నుంచి ఆర్.కె.పేట మీదుగా అత్తిమంజేరిపేట దాకా చెదిరి ఉన్న సంఘాలు. ఒక్కో పల్లెలో ఒక ఉపదేశి ఉంటాడు. ఆదివారం ఆరాధన నడిపేది ఆయనే. పాదిరి వంతుల ప్రకారం టౌన్ బస్సులో వచ్చి, రొట్టె, ద్రాక్షరసాల సంస్కారం ఇచ్చి, బాప్తిస్మాలూ పెళ్ళిళ్ళూ జరిపించి మళ్ళీ బస్సెక్కుతాడు. పాదిరి ఉద్యోగంలో సగం బస్సు కోసం కాచుకోవడమేనని వేదాంత కళాశాలలో నాకెవరూ చెప్పలేదు.

అక్కడ చెప్పినవి వేరు. సంఘ చరిత్రలో మొదటి బహుమతి నాది. ఏ మహాసభ ఏ సిద్ధాంతాన్ని ఖండించిందో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. గ్రీకు వచ్చు, హెబ్రీ కొంత వచ్చు, తమిళంలో ఒక్క అక్షరం రాదు. నాది గుంటూరు వైపు. వెళ్ళబోయేవన్నీ తెలుగు సంఘాలే కాబట్టి అదొక లోటని నాకు తోచలేదు.

నిజంగానే తెలుగు సంఘాలు. ఇంట్లో తెలుగు, చేలో తెలుగు, పోట్లాటలో తెలుగు. బడి మాత్రం తమిళం. పెద్దవాళ్ళు తెలుగు బైబిలు చదువుతారు. వయసు పిల్లలు తమిళ బైబిలు ఒళ్ళో పెట్టుకుని, పైన తెలుగులో పాఠం చదువుతుంటే కింద వేలితో తమిళంలో వెతుక్కుంటారు. నా కళ్ళ ముందే ఒక తెలుగు సంఘం కరిగిపోతోంది! చరిత్ర నన్నిక్కడికి ఊరికే పంపలేదనుకున్నాను. సంఘ కమిటీని పిలిచి, కన్ఫర్మేషన్‌కు వచ్చేవాళ్ళందరూ తెలుగులో చదివి చూపించాలని తీర్మానం పెట్టాను. కమిటీ పెద్దలు తల ఊపారు. వాళ్ళందరికీ తెలుగు చదవడం వచ్చు.

కన్ఫర్మేషన్ గురించి ఒక మాట చెప్పాలి. పసితనంలో బాప్తిస్మం పొందినవారు పెద్దయ్యాక తమ విశ్వాసాన్ని తమ నోటితోనే ఒప్పుకుంటే, బిషప్‌గారు తలమీద చేతులుంచి ప్రార్థిస్తారు. ఆ తరువాతే ప్రభువు బల్లలో, అంటే రొట్టె, ద్రాక్షరసాల సంస్కారంలో, పాలు పొందడం. మా నియమం ప్రకారం చర్చిలో పెళ్ళి కూడా ఆ తరువాతే. బిషప్‌గారు మా వైపు రెండేళ్ళకు ఒకసారి వచ్చేవారు. ఆ ఏడాది నవంబరు మొదటి వారంలో వస్తున్నారు.

అత్తిమంజేరిపేట దగ్గరి పల్లెలో గ్రేసు అనే అమ్మాయి ఉండేది. తల్లీతండ్రీ లేరు. అవ్వ సారమ్మ పెంచింది. తిరువళ్ళూరులో లాత్ పని చేసే అబ్బాయితో పెళ్ళి కుదిరింది. పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు వరసగా చర్చిలో ప్రకటన చదవాలి. క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలంలో మేము పెళ్ళిళ్ళు చేయం. అంటే బిషప్‌గారు రాగానే కన్ఫర్మేషన్, మూడు ప్రకటనలు, నవంబరు ఆఖరున పెళ్ళి. ఎక్కడా ఊపిరి తీసుకునే సందు లేదు. ఈ బిషప్ యాత్ర తప్పితే మళ్ళీ రెండేళ్ళు.

శనివారాలు మధ్యాహ్నం కన్ఫర్మేషన్ తరగతి. పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం నేర్పితే చాలు. నేను వాటి మీద సంస్కరణ చరిత్ర, అంటే ప్రొటెస్టెంటు సంఘాలు పుట్టిన కథ కూడా వడ్డించాను. జర్మనీ సన్యాసి చర్చి తలుపుకు తన వాదాలు రాసిన కాగితాన్ని మేకులతో కొట్టిన సంగతి, గురువులు లాటిన్‌లో గొణుగుతుంటే జనం గుడ్లప్పగించి చూసిన సంగతి, ఆయన దేవుని వాక్యాన్ని వంటింటి ఆడవాళ్ళ భాషలోకి తెచ్చిన సంగతి, అన్నీ చేతులు తిప్పుతూ చెప్పాను. సుత్తి దెబ్బలు బల్లమీద కొట్టి వినిపించాను కూడా.

ఆ సంగతిని తలచుకునే సంస్కరణ ఆదివారం అక్టోబరు ఆఖరి ఆదివారం. దానికి ముందు శనివారం పరీక్ష పెట్టాను. కీర్తన చదవమంటే గ్రేసు తమిళ బైబిలు తెరిచింది. తెలుగుది చేతికిచ్చాను. దాన్ని చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు జాగ్రత్తగా పట్టుకుని, తల వంచుకుని నిలబడింది. సరే, నోటి ప్రశ్న అడుగుదామని, సంస్కరణ వల్ల మనకు తెలిసిందేమిటన్నాను.

"దేవుని మాట మనకు చదవను రాని అక్షరాల్లో ఉంటే అది మన చేతికి వచ్చినట్టు గాదు, అయ్యగారా" అంది.

నేను పొంగిపోయాను. నోటి పరీక్షకు పూర్తి మార్కులు వేశాను. చదవడానికి సున్నా వేశాను. పేరు కొట్టేశాను. ఈ మూడు పనులూ ఒకే కలంతో, ఏమాత్రం తడబడకుండా చేశాను. పక్కనున్న ఉపదేశి దేవసహాయంగారు గట్టిగా దగ్గారు. దుమ్ముకేమో అనుకున్నాను.

సారమ్మవ్వ బస్టాపు దాకా వెంటవచ్చింది. "అబ్బాయి తట్టోళ్ళు రెండేండ్లు కాచుకోరయ్యా. ఈ తూరికి ఎట్లన్నా విడిచిపెట్టండి" అని అడిగింది. నియమం నియమమేనని చెప్పి బస్సెక్కాను. కిటికీ పక్క సీటు దొరికింది. మరునాటి ప్రసంగం గురించి ఆలోచించుకుంటూ హాయిగా వెళ్ళాను.

ఆ ప్రసంగం ఆ పల్లెలోనే. జర్మనీ అంతా తిప్పి తెచ్చాక, ఉదాహరణ మన ఊరిదే అయితే బాగుంటుందనిపించింది. పెద్ద పెద్ద పండితులు గ్రంథాలు రాసి చెప్పిన సంగతిని మన గ్రేసు ఒక్క మాటలో చెప్పిందంటూ ఆ మాట గొంతెత్తి వినిపించాను.

మా సంఘాల్లో ప్రసంగం మధ్య ఆమెన్ తప్ప మరో మాట వినిపించదు. ఆడవాళ్ళ చాప మీద ముందు వరసలో కూర్చున్న సారమ్మవ్వ లేవనైనా లేవకుండా అడిగింది.

"రొంబ బాగా చెప్పిందని మీరే అంటిరి. మరి దాన్ని యాల ఫెయిలు చేస్తిరయ్యా?"

మగవాళ్ళ చాప వైపు నుంచి ఎవరో, "ఉండవ్వా, అయ్యగారు ఇంకా జర్మనీలోనే ఉండాడు. ఊరికి రానీ" అన్నారు. చర్చి మొత్తం నవ్వింది. దేవసహాయంగారికి మళ్ళీ దగ్గు వచ్చింది. ఈసారి దుమ్ము కాదని నాకు తెలిసింది. ప్రసంగంలో ఇంకా రెండు భాగాలున్నాయి. అవేమిటో ఈనాటికీ గుర్తు రాలేదు. కీర్తన ప్రకటించి కూర్చున్నాను.

ఆరాధన కాగానే బయట చాప పరిచి కమిటీని కూర్చోబెట్టాను. తీర్మానం రద్దు చేయడానికి, పెట్టడానికి పట్టినంత సేపు కూడా పట్టలేదు. పెద్దలు మళ్ళీ తల ఊపారు. అయితే పరీక్ష జరగాలి కదా. గ్రేసు తమిళంలో కీర్తన చదివి, ఒక్కో వచనానికి అర్థం తెలుగులో చెప్పేట్టు, నేను తెలుగు బైబిల్లో సరిచూసుకునేట్టు ఏర్పాటు చేశాం. ఆమె ఎక్కడా తొట్రుపడలేదు. ఒక చోట నేనే వరస తప్పాను. ఆమె ఆగి, నేను అందుకునే దాకా కాచుకుంది.

బిషప్‌గారు వచ్చారు, చేతులుంచారు. మూడు ప్రకటనలూ అయ్యాయి. ఆగమన ఆదివారం రాకముందే పెళ్ళి చేశాను. తిరువళ్ళూరు పెళ్ళివారికి సారమ్మవ్వ నా జర్మనీ కథను మొదటి నుంచి చెప్పింది. భోజనాల దగ్గర నేను అడగకుండానే రెండోసారి పాయసం వేశారు.

ఆ తరువాత దేవసహాయంగారి దగ్గర తమిళ అక్షరాలు మొదలుపెట్టాను. బస్సు బోర్డుల మీద సాధన చేసి, రెండుసార్లు తప్పు బస్సెక్కి, మరుసటి ఈస్టరుకు పాఠం తెలుగులో అయ్యాక తమిళంలో కూడా చదివాను. చాలా సేపు పట్టింది. వాకిట్లో సారమ్మవ్వ నా చేయి పట్టుకుని, "పరవాలేదు. అయ్యగారి కన్ఫర్మేషనుకు ఇంకొక ఏడు పట్టచ్చు" అంది.

తరువాత చాలా ఏళ్ళు చాలా పాస్టరేట్లలో సంఘ చరిత్ర నేర్పాను. ఆ పాఠం వినేవాడూ, చెప్పేవాడూ తలుపు దగ్గర సుత్తి పట్టుకుని నిలబడినట్టే ఊహించుకుంటారు. లోపల కుర్చీలో కూర్చుని నియమాలు రాసేవాడి స్థానంలో ఎవరూ తమను పెట్టుకోరు. పాదిరికి జీతమిచ్చేది ఆ కుర్చీలో కూర్చున్నందుకే. అందుకని కన్ఫర్మేషన్ తరగతి మొదటిరోజు, ఏ ప్రశ్నా అడగకముందే, ఎవరికి ఏ అక్షరాలు వచ్చో అడగడం అలవాటు చేసుకున్నాను. సంస్కరణ పాఠం దాని తరువాతే చెప్పాను.